చింతపిక్కలు అయిపోయినాయి నాన్నా!

ఒరేయ్ గుండూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టెయ్. దసరా సెలవుల్లో రాస్తానన్న ఉత్తరం సంక్రాంతి దగ్గరపడ్డాక రాస్తున్నాను. ఎందుకు లేటయిందో చెప్పడం మొదలుపెడితే అదే ఒక ఉత్తరమవుతుంది. పదో తరగతి స్పెషల్ క్లాసులు, ఎఫ్‌ఏ అనే చిన్న పరీక్షల పేపర్లు, యాపులు... నీకు తెలియనివా. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మ మోకాలు అలాగే ఉంది. చిన్నది ఇంటరు రెండో సంవత్సరం, ఫోన్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. మీ చెల్లెమ్మ నిన్ను చేపల పులుసుకి రమ్మంది, ఈసారి ఆ పాత విషయం ఎత్తనని నాతో ఒట్టేయించుకుంది. నువ్వూ ఎత్తకు.

ఇక అసలు సంగతి. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. చెప్పను. ఫోన్లో రెండో ముక్కకే "ఆగాగు, నాకర్థమైంది" అంటావు. అర్థమై చావదు నీకు. ఉత్తరంలో అయితే నేను చెప్పేది మొత్తం అయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండాల్సిందే. ఎందుకిలా అంటున్నానో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

పల్లిపాడు డైట్‌లో, ఆ టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, మనకి "శ్రవణం, భాషణం, పఠనం, లేఖనం" అని వరస పెట్టి నేర్పించారు కదా. ఉద్యోగంలో చేరాక మొదటి రెండూ అటకెక్కించి, మిగతా రెండిటితోనే ఇన్నేళ్ళు లాక్కొచ్చాం. పాఠం చివర "వినడం - ఆలోచించి మాట్లాడడం" అని ఉంటుంది చూడు, అది కనపడగానే "సరే, దీని గురించి ఇంటిదగ్గర మాట్లాడుకోండి" అని పేజీ తిప్పేస్తాం. ఎఫ్‌ఏలో "పిల్లల భాగస్వామ్యం - ప్రతిస్పందనలు" కింద మార్కులున్నాయా, అందరికీ దాదాపు పూర్తి మార్కులే. నోరు తెరవని పిల్లకీ అంతే. పబ్లిక్ పరీక్ష అంతా రాతే అయినప్పుడు నోటికీ చెవికీ ఎవడు విలువిస్తాడు?

2023లో మన బళ్ళలోకి టోఫెల్ అనే అమెరికా ఇంగ్లీషు పరీక్ష తెచ్చారు గుర్తుందా? ఎవరు పెట్టారు, ఎవరు తీసేశారు అన్న గొడవ మనకొద్దు, దాని మీద నువ్వూ నేనూ ఇదివరకే కొట్టుకున్నాం. అప్పుడు నేను గమనించింది ఒకటే. విన్నదాని మీద కూడా పరీక్ష ఉంటుందని తెలిసేసరికి, అమెరికా యాస సగం అర్థం కాకపోయినా మా పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. అప్పటినుంచీ తెలుగులో అలా వినిపించడం ఎలాగా అని బుర్రలో తిరుగుతూనే ఉంది.

సరే, ఈ ఏడు తొమ్మిదో తరగతి దొరికింది. మొదట చేసింది చాలా చిన్న పని: ప్రశ్న అడిగాక నేను ఆగడం. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో అమెరికాలో క్లాసులు టేపుల్లో రికార్డు చేసి లెక్కగడితే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మించి ఆగట్లేదని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయట, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా మాట్లాడారట. మూడు సెకన్లే కదా అనుకోకు. క్లాసు మధ్యలో నిలబడి ఆగి చూడు, చెమటలు పడతాయి. అలవాటైన నోరు, జవాబు కూడా మనమే చెప్పేస్తాం.

రెండోది చింతపిక్కలు. చర్చ మొదలయ్యేముందు ఒక్కొక్కరికి మూడు. ఒకసారి మాట్లాడితే ఒక పిక్క డబ్బాలో వెయ్యాలి. అయిపోయాయా, ఇంక వినడమే. మా క్లాసులో ఒకడున్నాడు, నేను వాడికి "బస్టాండు మైకు" అని పేరు పెట్టాను. మొదటిరోజు మూడు నిమిషాల్లో మూడూ ఖర్చుపెట్టేసి, పీరియడంతా పక్కవాడిని పిక్క అప్పు అడుగుతూనే ఉన్నాడు. వాడిని చూస్తే ఎవరు గుర్తొచ్చారో నీకు చెప్పక్కర్లేదు. డైట్ వార్షికోత్సవం, "గౌరవనీయులైన" ... నవ్వకు.

మూడోది అన్నిటికన్నా కష్టమైంది. ఎదుటివాడు ఏమన్నాడో ముందు వాడికే నీ మాటల్లో చెప్పాలి. వాడు "అదే" అని ఒప్పుకుంటేనే నీ మాట మొదలు. బీఈడీలో ఐదు మార్కుల ప్రశ్నకోసం బట్టీపట్టాం చూడు, కార్ల్ రోజర్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఆయన 1951లో ఒక ప్రసంగంలో ఈ నియమం పెట్టుకుని వాదించి చూడండి అన్నాడు. మీ తాతగారు ఉంటే "ఇది మాకు కొత్తేమిట్రా" అనేవారు. పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, సరిగ్గా చెప్పందే సిద్ధాంతం, అంటే మన వాదన, జోలికి పోకూడదని మన తర్కంలో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ పిల్లలు ఏం చేశారో తెలుసా? మొదట్లో మాటకి మాట అప్పజెప్పారు, అర్థం సున్నా. "నీ మాటల్లో చెప్పు" అంటే, "వీడేమన్నాడంటే సార్, బుద్ధిలేకుండా..." అని మొదలుపెట్టేవాళ్ళు. ఆ "బుద్ధిలేకుండా" మానిపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

తర్వాత చర్చకి ఊరి సంగతే ఇచ్చాను: మన ఊరికి వరి మేలా, రొయ్యల గుంటలు మేలా? విడవలూరు వైపు నువ్వు చూశావుగా, రోడ్డుకి ఇటుపక్క పైరు, అటుపక్క గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు. చర్చకి ముందు ఇంట్లో ఒక పెద్దవాళ్ళ దగ్గర పదినిమిషాలు కూర్చుని అడ్డు రాకుండా వినాలి, రాసుకోకూడదు, క్లాసులో నోటితో చెప్పాలి అన్నాను. అబ్బ, ఏం తెచ్చారనుకున్నావ్! ఒక పిల్ల వాళ్ళ నాయనమ్మ చెప్పిందని టైగర్ రొయ్య కాలం, తెల్లమచ్చ రోగం వచ్చి 1990ల్లో జనం మునిగిపోవడం, తర్వాత వనామి అనే ఇంకో రకం రొయ్య రావడం మొత్తం చెప్పింది. ఇంకొకడు పుట్టి లెక్క. పుట్టికి, అంటే 850 కిలోల వడ్లకి, ఇంతొస్తే కౌలెంత, ఎరువెంత, కోతమిషనుకెంత అని వేళ్ళమీద లెక్కేసి, "ఇంక మిగిలేదేంది సార్?" అని నన్నే అడిగాడు. మైకుగాడి నాన్నకి గుంటలున్నాయి. రాత్రిపూట కరెంటు పోయి జనరేటర్ ఆలస్యమైతే తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలతాయి, అందుకే నాన్న గట్టుమీదే పడుకుంటాడు అన్నాడు. ఒక్క పిక్కతో అంతా చెప్పేశాడు, అది చూడు!

ఇంతవరకూ ముందుమాట. నీ ఆవులింత నాకు వినిపిస్తోంది, ఆపు.

మొన్న మెగా పీటీఎం, అదే తల్లిదండ్రులతో టీచర్ల సమావేశం, జరిగింది. 2024 డిసెంబర్లో మొదటిసారి పెట్టినప్పుడు తల్లులకి ముగ్గుల పోటీ, తండ్రులకి టగ్ ఆఫ్ వార్ పెట్టారు కదా. మా ఊళ్ళో ఈసారి తాడు లేకుండానే లాక్కున్నారు.

హెడ్మాస్టరు గారు ప్రోగ్రెస్ కార్డులు, హాజరు గురించి చెప్పి కూర్చున్నారు. ఒకావిడ లేచి "బడి బోరు నీళ్ళు ఉప్పగా ఉండాయి సార్, పిల్లోళ్ళు తాగలేకపోతున్నారు" అంది. అంతే. వెనకనుంచి ఒక పెద్దాయన, వరి రైతు, మనవరాలు నా క్లాసే, "ఉప్పగా కాక ఎట్టుంటాయి, గుంటల నీళ్ళు కాలవలోకి వదుల్తుంటే" అన్నాడు. మైకుగాడి నాన్న లేచి, "ఏం మావా, ఊళ్ళో ప్రతిదానికీ నా గుంటలేనా?" అన్నాడు. ఇంక చూడు. కుర్చీలు జరిగాయి, లుంగీలు ఎగ్గట్టారు. హెడ్మాస్టరు గారు "శాంతి, శాంతి" అంటున్నారు, పురోహితుడు చివర్లో అన్నట్టు. నేను పిల్లల్ని బయటికి పంపుదామని లేచాను.

ఈలోపు మైకుగాడు బెంచీ ఎక్కాడు. "ఆగండి! మా క్లాసు రూలుంది!" అన్నాడు. వాళ్ళ నాన్న "గమ్మునుండ్రా" అని చెయ్యెత్తాడు. వీడు దిగాడు, జేబులోంచి పిక్కలు తీసి వాళ్ళ నాన్న ఎత్తిన చేతిలోనే మూడు పెట్టాడు! పెద్దాయన చేతిలో మూడు. "ఒక్కో మాటకి ఒకటి. ముందు తాత ఏమన్నాడో నువ్వు చెప్పు నాన్నా. తాత అదే అనాలి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకే సగం కోపం దిగిందేమో. వాళ్ళ నాన్న "ఏముంది, నా గుంటలు పూడ్చమంటున్నాడు" అన్నాడు. పెద్దాయన "నేనట్టా అన్లా" అన్నాడు.

"ఒప్పుకోలా. మళ్ళీ చెప్పు."

"ఊరు ఉప్పైపోయిందంటున్నాడు, నా వల్ల."

"అదీ కాదు."

ఆయనకి ఇంక కోపమొచ్చి, "అయితే నువ్వన్నదేందో నువ్వే చెప్పు మావా" అన్నాడు. అడిగాడురా! నిజంగా అడిగాడు. పెద్దాయన ఒక పిక్క డబ్బాలో వేసి (డబ్బా ఎక్కడిదంటావా, మనవరాలు పట్టుకుని నిలబడింది) "నాట్లేసి వేరు పట్టేదాకా కాలవలోకి వదలొద్దన్నా. పూడ్చమన్లా" అన్నాడు. "వేరు పట్టేదాకా వదలొద్దంటున్నాడు." "అదే."

అప్పుడు మైకుగాడి నాన్న వంతు. రొయ్యల పట్టుబడి రోజు తన చేతిలో ఉండదట. మేత అప్పిచ్చినవాడూ, కొనేవాడూ చెప్పిన రోజు పట్టాలి, పట్టాక గుంట ఖాళీ చెయ్యాలి. పెద్దాయన దీన్ని తిరిగి చెప్పమంటే, "వీడికి డబ్బు తప్ప పైరు పట్టదు" అన్నాడు. మనవరాలు అందుకుంది: "తాతా, చిన్నాయన అట్టా అన్లా. సరిగ్గా చెప్పు." పెద్దాయన ఆ పిల్లకేసి ఒక చూపు చూశాడు, మనం ప్రిన్సిపాలు రూములో నిలబడ్డప్పుడు తగిలిన చూపు. తర్వాత గొంతు సవరించుకుని చెప్పాడు. "అప్పులోడు చెప్పిన రోజు పట్టాల, ఆగే దారి లేదు." అవతల ఆయన "అదే" అనలేదు, తలూపాడు. పిల్లలు తలూపినా చెల్లుతుందని తీర్పిచ్చారు.

ఆ తర్వాత మైకుగాడి నాన్న మిగిలిన రెండు పిక్కలు గబగబా ఖర్చుపెట్టేసి మళ్ళీ నోరు తెరిచాడు. మైకుగాడు ఎగిరి, "చింతపిక్కలు అయిపోయినాయి నాన్నా! ఇంక వినడమే!" హాలంతా ఘొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదురా. అరచెయ్యి చూసుకుని, బయటికెళ్ళి బీడీ ముట్టించాడు. నాకు కాస్త భయమేసింది, ఇంటికెళ్ళాక పిల్లాడిని ఏం చేస్తాడో అని. బీడీ అయ్యాక లోపలికొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

సమస్య తీరిందా అంటే తీరలేదు. నీళ్ళు వదిలే ముందురోజు చెప్తే మేం మడవ కట్టేసుకుంటాం అని పెద్దాయన అన్నాడు, ఈయన సరే అన్నాడు. చెప్తాడో లేదో చూడాలి. బడి నీళ్ళ మాట మాత్రం అందరూ మర్చిపోయారు. మధ్యాహ్న భోజనం వండే అక్క తలుపు దగ్గర నిలబడి, "నాకెవరూ పిక్కలియ్యలేదు గానీ, మరి పప్పులో ఏ నీళ్ళు పొయ్యమంటారు?" అంది. అప్పుడు ఆర్వో ప్లాంటు సంగతి తీర్మానంలో రాశారు. రాత ఉంది కదా, ఇంక మన డిపార్టుమెంటుకి ధైర్యం.

హెడ్మాస్టరు గారు సాయంత్రం నన్ను పిలిచి "మాస్టారూ, ఈ పిక్కల వ్యవహారం రికార్డులో ఏమని రాయాలి?" అన్నారు. "పిల్లల భాగస్వామ్యం అని రాయండి సార్" అన్నాను. ఈసారి మైకుగాడికి పూర్తి మార్కులు వేస్తాను, ఎవరడుగుతారో చూస్తా.

కానీ ఒకటి చెప్పాలి. మర్నాడు వాడు చాలా నెమ్మదిగా ఉన్నాడు. ఇంటర్వెల్లో వచ్చి, "మా నాన్నకి అప్పుందని నాకు తెలవదు సార్" అన్నాడు. కొట్టాడా అని అడిగితే లేదన్నాడు. గట్టుమీద పడుకోడానికి తననీ తీసుకెళ్ళాడట. నేనేం మాట్లాడాలో తెలియక, మూడు సెకన్లు ఆగాను, ఇంకా ఎక్కువే ఆగానేమో, వాడే "సరే సార్" అని వెళ్ళిపోయాడు. వినడం నేర్పుతాం గానీ, విన్న తర్వాత పిల్లాడు మోసుకెళ్ళేదాని సంగతి మనకెవరూ... పోనీలే, అది నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

నీ దర్శి బళ్ళో చిన్నపిల్లలు కదా, వాళ్ళకి "అదే" ఆట పనికొస్తుందా? చర్చ వద్దు, కథ చెప్పి మధ్యలో ఆపి తర్వాత ఏమైందో అడుగు. ముందు ఒకసారి ఊరికే వినిపించి, రెండోసారి చెప్పేటప్పుడే ప్రశ్నలియ్యి. లేకపోతే వాళ్ళు కథ వదిలేసి జవాబు కోసం కాచుక్కూర్చుంటారు. ఇంకా మీ అమ్మగారి దగ్గర ఆ పొడుపుకథలు రికార్డు చేసి పంపుతానన్నావు, ఏమయ్యాయ్...

ఇదుగో ఎమ్మార్సీ నుంచి, మన మండల విద్యా ఆఫీసు నుంచి, ఫోన్. మీటింగు ఫొటోలు ఐదింటిలోగా యాప్‌లో ఎక్కించాలట, నా ఫోన్లో ఉన్నదల్లా ఎగ్గట్టిన లుంగీల ఫొటోలే. వెళ్తున్నా.

నీ
కందిపొడి