పురుగుకు క్యాలెండర్ తెలియదు

సంపాదకుడు గారికి,

పంటల సలహా బులెటిన్లలో ‘ఫలానా నెల మొదటి వారంలో దీపపు ఎరలు పెట్టండి’ అని రాస్తుంటారు. రాత్రిపూట రెక్కల పురుగుల్ని ఆకర్షించి పట్టే దీపాలివి. వాన ముందొచ్చినా, నెల ఆలస్యమైనా ఆ వారం మాత్రం మారదు. నేలలో, మోళ్లలో నిద్రావస్థలో ఉన్న పురుగు తేదీ చూసి లేవదు.

వేరుశనగను తినే ఎర్ర గొంగళి పురుగు ఎండాకాలమంతా మట్టిలో ప్యూపాగా, అంటే గొంగళికీ రెక్కల పురుగుకీ మధ్య దశలో, ఉంటుంది. దాన్ని లేపేది గట్టి వాన. నేల లోపలిదాకా తడిసిన కొద్ది రోజుల్లోనే రెక్కల పురుగులు గుంపులుగా బయటికొచ్చి గుడ్లు పెడతాయి. పైపైన తడిపిపోయే జల్లు చాలదు. దీపాలు వెలగాల్సింది ఆ గట్టి వాన పడిన సాయంత్రం నుంచి. గొంగళ్లు చేను దాటి నడుస్తున్నప్పుడు వెలిగిస్తే దండగే.

పత్తిలో గులాబీ రంగు పురుగు లెక్క వేరు. పగలు కుదించుకుపోయి, రాత్రులు చల్లబడే కాలంలో లార్వా (గొంగళి దశ) ఎండుకాయల్లో, జతపడిన గింజల్లో నిద్రకు పోతుంది. పగటి నిడివి పెరిగి, వేడీ తేమా తోడైతే లేస్తుంది. అన్నీ ఒక్కసారి లేవవు, వారాల తరబడి విడతలుగా వస్తాయి. తొలి విడతల సంతతి మొగ్గ దొరక్క చచ్చిపోతుంది. మరీ ముందుగా విత్తితే దానికి మనమే తిండి పెట్టినట్టు.

రోజూ వేడిని కూడి పురుగు ఎప్పుడొస్తుందో అంచనా వేసే ఉష్ణోగ్రత లెక్కలోనూ పొరపాట్లున్నాయి. గరిష్ఠం 38, కనిష్ఠం 26 డిగ్రీలైతే సగటు 32. ఎదుగుదలకు కనీసం 13 కావాలనుకుంటే ఆ రోజు జమయ్యే వేడి 19 డిగ్రీలు. ఈ కూడిక నిద్ర వీడిన నాటి నుంచి మొదలవ్వాలి. అంతకుముందే మొదలుపెడితే పురుగు రాకముందే వచ్చిందని తేలుతుంది. పైగా మట్టిలో ఉన్న ప్యూపాకు గాలి ఉష్ణోగ్రత అంటగడుతున్నారు. 10 సెంటీమీటర్ల లోతులో పగలూ రాత్రీ తేడా పైనున్నంత ఉండదు.

పగటి నిడివి ఒక్కటే ఏటా అదే తేదీకి అంతే ఉంటుంది, దానికి క్యాలెండర్ చాలు. మిగతా వాటికి 10 సెంటీమీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత, గత మూడు రోజుల వాన మిల్లీమీటర్లలో, లింగాకర్షక బుట్టల్లో (ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టేవి) పడిన పురుగుల సంఖ్య మండలాలవారీగా ఇవ్వాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాం. మీ పత్రిక వాతావరణ పట్టికలోనూ వీటికి చోటివ్వండి. బుట్టలో ఏమీ పడకపోతే సున్నా అనే వేయండి. ఖాళీ వదిలేస్తే పురుగు రాలేదో, బుట్ట ఎవరూ చూడలేదో తెలియదు.

ఇట్లు,
సస్యరక్షణ పాఠకులు