అటక మీది దోమతెర

క్లీవ్‌లాండ్,
సెప్టెంబరు 28

ప్రియమైన అక్కకు,

అమ్మ, బావగారు, నువ్వు, పిల్లలు కులాసా అని తలుస్తాను. ఇక్కడ మేమందరం బాగున్నాం. చెట్ల ఆకులు అప్పుడే ఎర్రబడుతున్నాయి, స్వెట్టర్లు బయటికి తీశాం. మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో ఈసారైనా ఫోనులో దాచకుండా చెప్పమని అమ్మతో అను.

నిన్న శనివారం పాపను తీసుకుని కయహోగా నది దగ్గరికి వెళ్ళాను. ఊరివాళ్ళందరూ కలిసి ఒడ్డున చెత్త ఏరే రోజు. ఉదయమంతా ఆ పనే. సీసాలు, చిప్స్ సంచులు, చిక్కుపడిన గాలపు తీగ, బురదలో సగం దిగబడిన లారీ టైరు. టైరుకు తాడు కట్టి నలుగురం లాగాం. మన రామకృష్ణా బీచ్‌లో ఎన్ని ఆదివారాలు మనిద్దరం ఇలాగే ఏరామో గుర్తొచ్చింది. వారం తిరిగేసరికి మళ్ళీ అంత చెత్తా ఉండేది. నువ్వు ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటూ ఒక్క మాటా మాట్లాడేదానివి కాదు. ఆ మౌనం నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. అందుకే నిన్న మధ్యాహ్నం చూసినది నీకు వివరంగా రాయాలనిపించింది.

భోజనాలయ్యాక పిల్లలను నదిలో కలిసే ఒక చిన్న వాగులోకి దింపారు. నీళ్ళు పాప పిక్కల దాకా ఉన్నాయి. రెండు కర్రల మధ్య సన్నని వల బిగించి ఒకరు నీటికి అడ్డంగా పట్టుకుంటారు. ఇంకొకరు కాస్త ఎగువన నిలబడి కాళ్ళతో రాళ్ళను కదుపుతారు. రాళ్ళ అడుగున దాక్కున్న పురుగులు కొట్టుకువచ్చి వలలో పడతాయి. ఆ వలను తెల్లని తొట్టిలో జాడిస్తే మొదట ఇసుక, కుళ్ళిన ఆకులు తప్ప ఏమీ కనిపించవు. ఒక్క నిమిషం కదలకుండా చూడాలి. అప్పుడు ఆకు తునక అనుకున్నది కాళ్ళు చాచి నడుస్తుంది.

మేఫ్లై అనే పురుగు పిల్లలు, మూడు తోకలవి, చాలావరకు మురికిని భరించలేవు. నీటిలో ప్రాణవాయువు తగ్గితే ముందుగా మాయమయ్యేవాటిలో అవీ ఉంటాయి. తూనీగ పిల్లలు కొంత ఓర్చుకుంటాయి. జలగలు, సన్నని ఎర్ర పురుగులు మురుగులోనూ బతుకుతాయి. తొట్టిలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో చూస్తే నీటి సంగతి తెలిసిపోతుంది. సీసాలో పట్టిన నీళ్ళు ఆ పూట సంగతే చెబుతాయి. ఈ పురుగులు నెలల తరబడి అక్కడే కాపురం ఉంటాయి కాబట్టి, పోయిన నెల ఎవరో రాత్రిపూట వదిలిన మురుగు గురించి కూడా సాక్ష్యం చెబుతాయి. అక్కడివాళ్ళు ఇది చెబుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది అక్కా.

పాప చెంచాతో ఒకదాన్ని పైకి తీసింది. బియ్యపు గింజ కంటే కాస్త పొడవు. కాడిస్‌ఫ్లై పిల్ల. ఇసుక రేణువులను తన నోటి నుంచి వచ్చే పట్టుదారంతో అతికించి గొట్టంలాంటి ఇల్లు కట్టుకుంటుంది, ఆ ఇంటిని వీపున వేసుకుని తిరుగుతుంది. భూతద్దంలో చూస్తే ప్రతి రేణువూ తాపీ మేస్త్రి పేర్చిన రాయిలా ఒద్దికగా కూర్చుంది. గోధుమరంగు, నలుపు, తెలుపు. వాటి మధ్య ఒక్కటి మాత్రం నీలం. ప్లాస్టిక్ ముక్క.

పాప చాలాసేపు తల ఎత్తలేదు. "అది రాయి కాదని దీనికి తెలియదు కదమ్మా" అంది. తిరిగి వస్తుంటే కారులో మళ్ళీ అదే ధ్యాస: "ఆ నీలం ముక్క వాగులోకి ఎలా వచ్చింది? ఎవరింటి నుంచి?" ఉదయం మూడు గంటలు సంచులు నింపినప్పుడు ఈ ప్రశ్న దానికి రాలేదు. చెత్త ఏరితే ఒడ్డు శుభ్రపడుతుంది, సంతోషమే. కానీ ఆ నీటిలో ఎవరు బతుకుతున్నారో కళ్ళతో చూసిన పిల్ల చెత్త ఎక్కడి నుంచి వస్తోందని అడుగుతుంది. మన బీచ్ ఆదివారాలలో కొరవడింది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈ నది చరిత్ర కూడా తక్కువది కాదు. 1969 జూన్ 22న దీని మీద తేలుతున్న నూనె, చెత్తకు నిప్పంటుకుంది. అది మొదటిసారి కూడా కాదు, 1868 నుంచీ ఎన్నోసార్లు మండింది. ఆ మర్నాడు నగర మేయరు కార్ల్ స్టోక్స్ విలేకరులను వెంటబెట్టుకుని నది ఒడ్డున తిరిగాడు. 1972లో అమెరికా అంతటికీ శుద్ధజల చట్టం వచ్చింది. చేపలే కరవైన ఈ నీటిలో ఇప్పుడు 70కి పైగా రకాల చేపలు ఉన్నాయి. ఈ చేపలు తినవచ్చని ప్రభుత్వం చెప్పింది 2019లో. అంటే సరిగ్గా యాభై ఏళ్ళు పట్టింది. ఆ లెక్క తలచుకుంటే బెంగగానూ ఉంటుంది, ధైర్యంగానూ ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఏడో తరగతి పిల్లలను గోస్తనీ నది దగ్గరికి తీసుకువెళ్దాం. బొర్రా గుహల దగ్గర ఈ నది పుట్టుక గురించి చెప్పే ఆవు కథ వాళ్ళకు వచ్చు. అదే నీరు తాటిపూడి జలాశయంలో ఆగి విశాఖ కుళాయిల్లోకి వస్తుందని ఎంతమందికి తెలుసు? భీమిలిలో సముద్రంలో కలిసే చోట మాత్రం వద్దు, అక్కడ ఉప్పు నీళ్ళు, ఈ పురుగులు ఉండవు. పైకి, పద్మనాభం వైపు వెళ్ళాలి. సంక్రాంతి తరవాతైతే నీళ్ళు తగ్గి తేటపడతాయి. ఇసుక తవ్విన గోతులు ఉంటాయి కాబట్టి ముందురోజు బావగారు, నేను దిగి కర్రతో లోతు చూస్తాం. మోకాలు దాటిన నీటిలోకి ఒక్క పిల్లను కూడా పంపవద్దు.

ఏ పురుగు ఉంటే నీరు ఎంత శుభ్రమో చెప్పే ఇక్కడి పట్టిక మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు. ఈ చల్లని నీటిలో దొరికే స్టోన్‌ఫ్లై అనే పురుగు మన మైదానాల్లో అరుదు, నీరు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. మన ఏటి అడుగంతా ఇసుక కాబట్టి రాళ్ళకంటే, ఒడ్డున నీటిలోకి వేలాడే గడ్డి వేళ్ళలోనే ఎక్కువ దొరుకుతాయి, వలతో అక్కడ జాడించాలి. ఊరి మురుగు కలిసే చోటికి ఎగువన ఒక తొట్టి, దిగువన ఒక తొట్టి నింపి పక్కపక్కన పెడదాం. దిగువది నేను చేతితొడుగులు వేసుకుని తెస్తాను, పిల్లలు ఆ నీటిని ముట్టుకోకూడదు. ఆ రెండు తొట్ల ముందు నువ్వు ఏమీ చెప్పవద్దు. వాళ్ళనే చూడనీ.

జనవరి 10కి టిక్కెట్లు తీసుకున్నాం. ఆ లోపు మీ హెడ్మాస్టరు గారిని అడిగి పెట్టు, తల్లిదండ్రుల అనుమతి కూడా. భూతద్దాలు పన్నెండు నేను తెస్తాను. తెల్లని తొట్లు పూర్ణా మార్కెట్లో దొరుకుతాయి. వల కొననక్కరలేదు. అటక మీద తాతయ్య పాత దోమతెర ఉండాలి, ఇత్తడి బిందెల వెనకాల. అమ్మ దాన్ని ఎవరికైనా ఇచ్చేసేలోపు తీసి దాచి ఉంచు.

నీ చెల్లెలు,
బుజ్జి