పెళ్లి లైవ్‌లో ధ్వనిని చూసేదెవరు?

సంపాదకులకు,

బంధువుల పెళ్లిని అమెరికా నుంచి లైవ్‌లో చూస్తే మంత్రాలు వినబడలేదని, సన్నాయి మాత్రం చెవులు పగలగొట్టిందని ఒక పాఠకురాలు రాసిన లేఖ మీ పత్రికలో చదివాను. తప్పు ఇంటర్నెట్‌దని ఆమె అనుకున్నారు. తణుకు చుట్టుపక్కల పెళ్లిళ్లకూ, దేవాలయ కల్యాణాలకూ లైవ్ ఇచ్చేవాడిని కనుక నాలుగు మాటలు రాస్తున్నాను. ఇంటర్నెట్ సరిగా లేకపోతే బొమ్మ ఆగుతుంది, మాట తెగుతుంది. సన్నాయి పగిలిపోయి మంత్రం మునిగిపోయిందంటే ఆ దోషం మండపంలోనే జరిగింది. అక్కడ ధ్వని మట్టం చూడటానికి మనిషి లేడు.

మా దగ్గరకు వచ్చేవారు కెమెరాలు ఎన్ని, డ్రోన్ ఉందా, క్రేన్ ఉందా, ఎల్‌ఈడీ తెర ఎన్ని అడుగులు అని అడుగుతారు. మైకుల సంగతి అడిగేవారు అరుదు. ‘సౌండ్ వాళ్ల దగ్గర వైరు తీసుకోండి, సరిపోతుంది’ అంటారు. చిక్కంతా ఆ వైరుతోనే. సన్నాయి, డోలు మైకు లేకుండానే మండపమంతా మోగుతాయి కాబట్టి సౌండ్ ఆయన మిక్సర్‌లో (మైకులన్నింటి ధ్వనినీ కలిపే పెట్టెలో) వాటిని తగ్గించి, పురోహితుల మైకు పెంచుతాడు. మండపానికి అది సరైన పనే. లైవ్‌కు అదే వైరు ఇస్తే మాత్రం మేళం పక్క వీధిలో ఎక్కడో మోగుతున్నట్టు ఉంటుంది. పోనీ కెమెరా మైకును నమ్ముకుంటే మేళం తప్ప ఇంకేమీ వినబడదు. మిక్సర్ వైరూ కావాలి, మేళానికి కాస్త ఎడంగా స్టాండు మీద మనదంటూ ఒక మైకూ కావాలి. ఆ రెండింటి పాళ్లు లైవ్ కోసం విడిగా కలుపుకోవాలి.

ఇక ధ్వని మట్టం చూపే మీటరు. డిజిటల్ పరికరాల్లో సున్నా డెసిబెల్ అంటే నిశ్శబ్దం కాదు, ఇక పట్టదని. అది దాటితే ధ్వని తరంగం కొనలు తెగిపోతాయి, తర్వాత ఏం చేసినా అతకవు. మాలో చాలామంది లైవ్‌కు వాడే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీటరులో మైనస్ 20 డెసిబెల్ వరకు ఆకుపచ్చ, అక్కడి నుంచి మైనస్ 9 దాకా పసుపు, ఆపైన ఎరుపు. మాట పసుపులో ఆడుతుంటే చాలు.

అలాగని మీటరునే నమ్మి కూర్చోకూడదు. ఈమధ్య ఒక పెళ్లిలో కంప్యూటర్ దగ్గరున్న మా కుర్రాడు ‘పసుపులోనే ఉందండీ’ అన్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ప్రతి అక్షరమూ గరగరలాడుతోంది. మిక్సర్ నుంచి వచ్చే లైన్ సిగ్నల్ మైకు సిగ్నల్ కన్నా కొన్ని వందల రెట్లు బలంగా ఉంటుంది. దాన్ని కెమెరాలో మైకు అమరిక మీద ఉన్న రంధ్రానికి తగిలించారు. ధ్వని కెమెరాలోనే పగిలింది. పగిలినదాన్ని కంప్యూటర్‌లో తగ్గించారు కనుక అక్కడి మీటరు బుద్ధిగా పసుపులో ఆడుతోంది. కెమెరా మీద చిన్న మీటను మైకు నుంచి లైన్‌కు జరిపి, కంప్యూటర్‌లో పెంచాం. గరగర పోయింది. ఒక్క చోట చూస్తే చాలదు, ధ్వని నడిచే దారిలో ప్రతి మజిలీ దగ్గరా చూడాలి. చెవి ఒక్కటీ చాలదు. డోలు పక్కన కూర్చున్నవాడికి ఎంత మంచి హెడ్‌ఫోన్ ఇచ్చినా మట్టం తెలియదు.

ధ్వని మట్టాన్ని పరికరమే సర్దుకునే ఆటో పద్ధతి మీద వదిలేస్తామనేవారికి గట్టిమేళమే జవాబు. ఆ సమయంలో వేరే శబ్దమేదీ వినబడకూడదనే దాన్ని వాయిస్తారు, తగ్గించమని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. మేళం ఒక్కసారిగా లేవగానే ఆటో ధ్వనిని కిందకు నొక్కేస్తుంది. మేళం ఆగాక మెల్లగా పైకి లేస్తుంది. ఈలోగా పురోహితులు చెప్పిన మంత్రం పోయినట్టే. ‘ఏమీ వినబడటం లేదు’ అని విదేశం నుంచి ఫోన్ వచ్చేసరికి, లైవ్ అవతలకు చేరేది అర నిమిషం ఆలస్యంగా కనుక, మాంగల్యధారణ అయిపోయి తలంబ్రాలు నడుస్తుంటాయి.

పెద్ద ప్రసార సంస్థలకు ఈ విషయంలో ఎప్పుడో కొలతలు ఏర్పడ్డాయి. ఒక్క క్షణం ఎగసిన కొన కాదు, వినేవారికి మొత్తం మీద ఎంత బిగ్గరగా అనిపిస్తుందో లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతి 2006లో వచ్చింది. దాని ఆధారంగా 2010లో యూరప్ ప్రసార సంస్థలు మైనస్ 23ను (ఇది పైన చెప్పిన మీటరు అంకె కాదు, ఈ లౌడ్‌నెస్ లెక్కలోది) ప్రమాణంగా పెట్టుకున్నాయి. ప్రత్యక్ష ప్రసారాలకు ఒక యూనిట్ అటూ ఇటూ వెసులుబాటు ఇచ్చాయి. మన దేశంలో 1994 కేబుల్ టీవీ నిబంధనల్లో ప్రకటనలు మరీ బిగ్గరగా ఉండరాదని ఉంది (అది ఎంత అమలవుతోందో సీరియల్ చూసేవారే చెప్పాలి). పెళ్లి లైవ్ ఎక్కువగా ఫోన్లలో చూస్తారు కాబట్టి నేను అదే లెక్కలో కాస్త బిగ్గరగా, మైనస్ 16 దగ్గర ఉంచుతాను. ఈ లౌడ్‌నెస్ మీటర్లు ఉచితంగానే దొరుకుతాయి, ఓబీఎస్‌లో కలుపుకోవచ్చు.

లైవ్ మాట్లాడుకునేవారు ఒక కెమెరా తగ్గించుకుని అయినా సరే, ధ్వని చూసే మనిషి ఒకరు కావాలని అడగండి. దేవాలయాల వారు కొటేషన్‌లోనే ఆ మాట రాయించుకోవాలి. మేళం వారు టిఫిన్‌కు లేవకముందే ఒక్క నిమిషం గట్టిమేళం వాయించి చూపమని బతిమాలుకుంటే, ఆ మట్టం ఎరుపుకు తగలకుండా సర్దుకోవచ్చు. టిఫిన్ అయ్యాక అడిగితే ముహూర్తానికే వాయిస్తామంటారు.

— ఒక లైవ్ వీడియో నిర్వాహకుడు, తణుకు