అతికించిన వేలికి వార్డులోనే అసలు గండం

సంపాదకులకు,

చెరకు గానుగలు, రంపపు మిల్లులు, నూర్పిడి మిషన్లలో వేళ్లు తెగడం మా రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కొత్తేం కాదు. తెగిన వేలిని తడి గాజుగుడ్డలో చుట్టి, కవర్లో కట్టి, ఆ కవరును ఐసులో పెట్టి (ఐసు నేరుగా వేలికి తగలకూడదు) విశాఖకు పరుగెత్తుతారు. అతికించాక ఏం చూడాలో మాత్రం ఇంటివాళ్లకు ఎవరూ విడమరచి చెప్పరు.

మొదటి మూడు రోజులూ గండమే. కుట్టినవి మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే రక్తనాళాలు. గంటగంటకీ వేలి కొసను మెల్లగా నొక్కి వదలాలి. రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయి, చల్లబడి, రంగు ఆలస్యంగా వస్తే రక్తం లోపలికి వెళ్లడం లేదు. ఊదారంగుకు తిరిగి, ఉబ్బి, నొక్కి వదలగానే చటుక్కున రంగు వచ్చేస్తే రక్తం వెనక్కి మళ్లడం లేదు. ఈ రెండోదే మోసం చేస్తుంది, వేలు వెచ్చగానే ఉంది కదా అని ఊరుకుంటారు. ఒళ్లు నల్లగా ఉన్నవారికి గోటి కింద చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా నర్సును లేపండి. రక్తంతో తడిసి ఎండిన కట్టు సిమెంటు కట్టులా బిగిసి వేలిని నొక్కేస్తుంది, దాన్ని అప్పుడే మార్చాలి. వెనక్కి మళ్లని రక్తాన్ని పీల్చడానికి డాక్టర్లు జలగలు పెడితే భయపడకండి. అవి వైద్యం కోసమే తెచ్చినవి.

చలిగాలి తగిలినా, నొప్పి, భయం ఎక్కువైనా నాళం ముడుచుకుంటుంది. చుట్ట, బీడీ, ఖైనీ అన్నిటిలోని నికోటిన్ పనీ అదే. అడ్డపొగ (చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటున్న అమ్మలకు ఇది ముందే చెప్పాలి. మంచం పక్కన ఇంకొకరు కాల్చినా ముప్పే.

ఇంటికి వచ్చాక చెయ్యంతా మెడకు కట్టేసి కదపకుండా ఉంచుతున్నారు. వేలు బతుకుతుంది, భుజం బిగుసుకుపోతుంది. డాక్టరు సరేనన్నాక భుజం, మోచెయ్యి రోజూ కదపాలి. అతికించిన వేలిని మాత్రం సొంతంగా వంచకూడదు. ఫిజియో దగ్గర మణికట్టును కాస్త వంచితే వేళ్లు వాటంతటవే చాచుకుంటాయి, పైకెత్తితే ముడుచుకుంటాయి. కుట్టిన కండర బంధాల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మీద లాగుడు పడకుండా మొదలుపెట్టే పద్ధతి అది. ఎముకలో గుచ్చిన తీగలు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు తీస్తారు. నూనె మర్దనా, కాపడం వద్దే వద్దు. స్పర్శనరం రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కనుక నెలల తరబడి వేడి తెలియదు, కాలినా తెలియదు. కోరాపుట్ చలికి ఆ వేలు ఏడాది, రెండేళ్లు కూడా సలుపుతుంది. ఉన్ని తొడుగు వేయాలి.

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటోంది. తెలుగులో, ఒడియాలో ఒక్క పేజీ ఇవ్వండి. ఏ నరం, ఏ కండర బంధం కుట్టారో, తీగ ఎప్పుడు తీయాలో రాసి జిల్లా ఆసుపత్రి ఫిజియోకు పంపండి. వారం వారం విశాఖ వెళ్లి రావడం కూలివాళ్ల వల్ల కాదు.

– ఇద్దరు స్టాఫ్ నర్సులు, రాయగడ (ఒడిశా)