ఓఆర్ఎస్ పొట్లంతో పాటు తెలుగు చీటీ ఇవ్వండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

చలికాలం వస్తే ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వైపు పసిపిల్లలకు వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. పళ్లు వస్తున్నాయనో దిష్టి తగిలిందనో రెండు రోజులు గడిపేసి, మూడో రోజున ఆటో కట్టించుకుని ఆసుపత్రికి పరుగెత్తడం మాకు అలవాటు.

కిందటి పుష్యమాసంలో మా తమ్ముడి మనవడికి, పదినెలల పసివాడికి, ఇలాగే అయింది. ఆరోగ్య కార్యకర్త వెంటనే ఓఆర్ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెరల పొడి) పొట్లం ఇచ్చింది. అందులో లోపమేమీ లేదు. అయితే ఆమె చెప్పింది ఒడియాలో, పొట్లం మీద ఉన్నది ఇంగ్లీషులో. ఆంధ్రలోని పాతపట్నం నుంచి కాపురానికి వచ్చిన మా కోడలికి ఆ రెండూ రావు. లీటరు నీళ్లలో కలపవలసిన పొడిని మొత్తం టీ గ్లాసులో కలిపి పట్టించింది. అంత చిక్కగా పడితే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు మందలించేదాకా ఇంట్లో పెద్దలమైన మాకూ తెలియదు. అక్కడి నర్సు పిల్లవాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలి చూపింది. ఆ మడత వెంటనే సర్దుకోలేదు. ఒంట్లో నీరు తగ్గిందనడానికి అదే గుర్తట. కళ్లు గుంటలు పడటం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, మూత్రం తగ్గడం, మగతగా పడి ఉండటం కూడా అంతే. మలంలో రక్తం కనిపిస్తే క్షణం ఆగకూడదు.

వైరస్ వల్ల వచ్చే విరేచనాలకు యాంటీబయాటిక్ పనిచేయదు, విరేచనాలు కట్టించే మాత్రలు పిల్లలకు వాడకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్ చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. జింకు మాత్ర విరేచనాలు ఆగిపోయినా 14 రోజులూ వేయాలి. తల్లిపాలు మాన్పించకూడదు (మాన్పించమన్న పెద్దల్లో నేనూ ఒకణ్ణి). దుకాణాల్లో దొరికే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటి మీద ఆ పేరు వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా.

పసిపిల్లల్లో ఇలాంటి విరేచనాలు తెచ్చే వైరస్‌లలో ముఖ్యమైనది రోటావైరస్. దాని టీకాను 2016లో దేశంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. 6, 10, 14 వారాలకు చుక్కలు వేయించాలి. పురుడు సరిహద్దు అవతల పుట్టింట్లో, కాపురం ఇవతల అయిన మా ఆడపిల్లల విషయంలో ఏ మోతాదు ఎక్కడ పడిందో, ఏది మిగిలిందో చూసేవారు ఉండరు.

గజపతి, రాయగడ జిల్లాల ఆరోగ్య అధికారులను కోరేది ఒక్కటే. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగువారుండే ఊళ్లలో ప్రతి పొట్లంతో పాటు నాలుగు వరుసల తెలుగు చీటీ ఇప్పించండి. పొట్లం ఇచ్చేటప్పుడే లీటరు సీసాలో తల్లి చేత ఒకసారి కలిపించి చూడమని కార్యకర్తలకు చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా