చిరంజీవి లలితకు

చిరంజీవి లలితను నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి కొంత తగ్గింది. మాధవితో పంపిన ఆవకాయ అందిందో లేదో నువ్వు చెప్పనే లేదు. మాధవి మాత్రం ఒక సంగతి చెప్పింది. నువ్వు డబ్బు కట్టి మెదడుకు ఎమ్మారై తీయించుకున్నావట, ఆ తరువాత పెళ్లి మాట ఎత్తవద్దన్నావట. నిజమా అని నేను అడగను. రామం బాబాయికి ఉన్న స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించడం, ఆలోచనలు చెదరడం వంటివి ఉండే మానసిక జబ్బు గురించి నువ్వు చదువుతున్నావని తెలిసి నేనూ చదివాను కనుక, ఆ నాలుగు మాటలు రాస్తున్నాను.

స్కిజోఫ్రీనియాలో చెడేది మెదడులో ఏదో ఒక్క భాగం కాదని, భాగాల మధ్య పొందిక మారుతుందని ఇప్పుడు చాలామంది భావిస్తున్నారు. ఆలోచనల మధ్య బంధం సడలడమే ఈ జబ్బుకు మూల లక్షణమని 1911లోనే స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ రాశాడు. 1995లో లండన్‌లో కార్ల్ ఫ్రిస్టన్, క్రిస్ ఫ్రిత్ అటువంటి ఆలోచననే మెదడు చిత్రాల ఆధారంగా ముందుకు తెచ్చారు. ఫంక్షనల్ ఎమ్మారైలో మనిషిని కొన్ని నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి, రక్తంలోని ఆక్సిజన్‌తో ముడిపడిన సంకేతం ఏయే చోట్ల ఒకే లయలో పెరిగి తగ్గుతోందో చూస్తారు. జబ్బు ఉన్నవారిలో, మెదడు నడుమ ఉండి ఇంద్రియాల కబుర్లను పైభాగాలకు అందించే థాలమస్‌కూ నుదుటి వెనుక భాగానికీ మధ్య అనుసంధానం తగ్గి, ఇంద్రియాలకూ కదలికలకూ సంబంధించిన భాగాలతో పెరిగినట్టు పలు పరిశోధనల్లో కనబడింది.

అయితే అది ఎంతోమందిని కలిపి తీసిన సగటు, తల్లీ. జబ్బున్నవారి కొలతలూ లేనివారి కొలతలూ చాలావరకు కలిసిపోయే ఉంటాయి. తల కాస్త కదిలినా, మందులు వాడుతున్నా లెక్క మారుతుంది. స్కాన్ సెంటర్లో తీసే మామూలు ఎమ్మారైలో ఈ అనుసంధానాలు కనబడనే కనబడవు; గడ్డలు, రక్తస్రావం వంటివి చూడటానికే అది పనికివస్తుంది. ఈ జబ్బును ఈనాటికీ డాక్టర్లు మాటలు విని, నడవడి గమనించే నిర్ధారిస్తున్నారు.

బాబాయి సంగతి నీకు సగమే తెలుసు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో మేడమీద గది నుంచి దిగడం మానేశాడు. తన ప్రతి పనికీ ఇద్దరు మగవాళ్లు వ్యాఖ్యానం చెబుతున్నారనేవాడు: "చెంబు ఎత్తాడు, ఇప్పుడు తాగుతాడు" అని. పెద్దత్త తాయెత్తు కట్టించింది, తాతయ్యేమో వాడు నటిస్తున్నాడన్నారు. ఒక రాత్రి నేను పక్కనే కూర్చుని చూస్తే, ఆ మాటలు వినబడుతున్నాయని వాడు చెప్పినప్పుడల్లా వాడి పెదవులే సన్నగా కదులుతున్నాయి. డాక్టరు గారితో ఆ మాట అంటే ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని విన్నారు. మనం లోలోపల మాట్లాడుకునేటప్పుడు, మాటను సిద్ధం చేసే భాగం నుంచి వినికిడి భాగానికి అది మన మాటేనన్న కబురు ముందే అందుతుందనీ, ఆ కబురు బలహీనపడితే సొంత మాటే పరాయి గొంతుగా వినిపించవచ్చని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారనీ వివరించారు. ఆ రోజు తరువాత తాతయ్య నటన అన్న మాట మళ్లీ ఎత్తలేదు. మందులతో గొంతులు సన్నగిల్లాయి. బాగుందని మానేస్తే తిరిగొచ్చాయి. ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తాయట, జవాబు చెప్పనంటాడు. మాత్రల అట్ట వెనుక పెన్నుతో తేదీలు వేసుకుని మరీ వేసుకుంటాడు. కొట్టు లెక్కలన్నీ నేటికీ వాడివే.

మనం ఊరికే తలపుల్లో ఉన్నప్పుడు చురుకుగా ఉండి, పని చేసేటప్పుడు నెమ్మదించవలసిన మెదడు భాగాల జట్టు, డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్, రోగులలోనే కాక, వారి దగ్గరి బంధువులలో జబ్బు లేనివారిలోనూ తగినంత నెమ్మదించడం లేదని 2009లో ఒక పరిశోధన వచ్చింది. నువ్వు బెదిరింది ఇది చదివే అయి ఉంటుంది. రామానికి తోడబుట్టినవాణ్ని నేను. నా మెదడులోనూ అదే కనబడవచ్చు. ఆ మెదడుతోనే ఉద్యోగ విరమణ దాకా పాఠాలు చెప్పాను, నిన్ను పెంచాను. జనంలో 100 మందిలో సుమారు ఒకరికి వచ్చే ఈ జబ్బు, రోగి అన్నదమ్ముల పిల్లలలో 100కి 3, 4 మందికి రావచ్చునంటారు. తక్కిన 96 మంది సంగతి కూడా ఆలోచించు.

ఉపదేశం చేయాలని కూర్చోలేదు. కానీ రాత్రి రెండింటి దాకా మేలుకుని ఇవన్నీ చదవవద్దు. ఎవరైనా గంజాయి ముందు పెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయి. మన వంటి ఇళ్లలో పుట్టినవారికి అది మరింత ప్రమాదం. ఎవరో నిన్ను గమనిస్తున్నారని గానీ, లేని గొంతులు వినబడుతున్నాయని గానీ ఎప్పుడైనా అనిపిస్తే వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లు. ఒక్క మాట చెబితే నేనే బయలుదేరి వస్తాను. చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. పెళ్లి నీ ఇష్టం, వద్దనుకుంటే బలవంతం లేదు. మెదడు బొమ్మ చూసి మాత్రం వద్దనుకోకు.

ఆ రిపోర్టు ఉంటే నాకు పంపు, డాక్టరు గారికి చూపించి ఆయన ఏమన్నారో రాస్తాను. బాబాయికి నువ్వు ఫోన్ చేసి చాలా కాలమయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చెయ్యి, అంతవరకు కొట్టులోనే ఉంటాడు.

ఆశీస్సులతో,
నాన్న