మొక్క నాటే ముందు ఆకు తిరగేసి చూడండి

సంపాదకులకు,

వానలు మొదలైతే చాలు, మన జిల్లాలో కొండవాలుకూ, రోడ్డు డివైడర్‌కూ, బడి ఆవరణకూ ఒకే రకం మొక్కలు పంపుతున్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఇది కుదిరే పని కాదు. ఏ పొద ఎక్కడ తట్టుకుంటుందో ఆకు చూసి చాలావరకు చెప్పొచ్చు.

గన్నేరాకు అడుగు భాగాన్ని భూతద్దంతో చూడండి. సన్నటి గుంతలు, వాటి నిండా తెల్లటి నూగు కనిపిస్తాయి. ఆకు తేమను బయటికి వదిలే సన్నటి రంధ్రాలు, అంటే పత్రరంధ్రాలు, ఉండేది ఆ గుంతల్లోనే. వడగాలి ఆకు మీదుగా పోతుందే గానీ గుంతలోని తేమను అంత సులువుగా లాక్కోలేదు. ఆకు పైన మందంగా మైనపు పూత, దాని కింద రెండు మూడు వరుసల బాహ్యచర్మం ఉంటాయి. తారు రోడ్డు సెగలో కూడా గన్నేరు పచ్చగా ఉండేది అందుకే.

కొండవాలుల్లో పెరిగే బందారు ఆకు పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుతుంది. ఆ పూతే నీటిని ఆపుతుంది, మేకలనూ దూరం పెడుతుంది. తంగేడు ఆకు చిన్న చిన్న రెబ్బలు కాబట్టి వేడి త్వరగా గాలిలో కలిసిపోతుంది.

అడ్డసరం సంగతి వేరు. ఆకు జానెడు, పలచన. వంక గట్టున, చెట్ల నీడన ఏపుగా పెరుగుతుంది. దాన్ని బోడిగుట్ట మీద పెడితే వేరు అందించే నీటి కంటే ఆకు వదిలే నీరే ఎక్కువవుతుంది. ఆకు ఈనెలు ముగిసే చోట ఉండే అంచులే ముందు నీరందక మాడిపోతాయి. అది చూసి రోజూ చెంబెడు నీళ్లు పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. పోసేదేదో వారానికోసారి పాదు నిండా పోయాలి.

సరైన జాతిని ఎంచినా చాలదు. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన ఆకు వెడల్పుగా, పలచగా ఉంటుంది, మైనపు పూత సరిగా పట్టదు. నాటడానికి మూడు నాలుగు వారాల ముందు నుంచే ఆ మొక్కలకు మొదట ఉదయపు ఎండ రెండు గంటలు తగలనిచ్చి, మెల్లగా పూర్తి ఎండకు మార్చాలి. నీళ్లూ కొద్దికొద్దిగా తగ్గించాలి. కొత్త చిగురు చిన్నగా, మందంగా వచ్చాకే నాటడానికి పనికొస్తుంది. ఇప్పుడు మొక్క ఎత్తు చూసి తీసుకుంటున్నారు, చూడాల్సింది ఈ ఆకును.

ఇంకొక్క మాట. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. బడుల్లో, అంగన్‌వాడీల్లో, పశువులు తిరిగే చోట అది వద్దు, తంగేడు నాటండి.

– వృక్షశాస్త్ర అధ్యాపకులు, అనంతపురం